మూడో రోజు నవ్వు

రిఫత్ దగ్గర మొహాల కొట్టు ఒకటుండేది. కోపం మొహాలు, వెక్కిరింపు మొహాలు, మూతి విరుపులు, నవ్వులు, ఆవలింతలు. ఒక్కోదానికి మనిషి పేరు, రోజు నంబరు రాసి కంప్యూటర్లో వరసగా దాచుకునేవాడు. కైరోలో ఫైసల్ వీధి వెనక, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో కూర్చొని, ఎవరి మాటకు ఎవరి మొహం అతకాలో ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒకడు మంగళవారం అన్న మాటకు ఇంకొకడు శుక్రవారం నవ్విన నవ్వు తెచ్చి అతికితే చాలు, అక్కడో కొట్లాట పుట్టేది. ఆ నవ్వినవాడు పాపం ఎవడి తుమ్ముకో నవ్వి ఉంటాడు. జనం మాత్రం టీవీ ముందు కూర్చొని వాడి ఏడుతరాలనీ తిట్టిపోసేవాళ్ళు.

మనిషి మహా మెత్తన. గొంతెత్తి అరవగా ఎవరూ విన్నది లేదు. దక్షిణాన గిర్గా దగ్గర మా ఊరు నగ్ అద్దూమ్‌లో పుట్టి, చెరకు తోటల మధ్య పెరిగి, ఇరవయ్యేళ్ళప్పుడు రైలెక్కి కైరో పోయాడు. మొదట పెళ్ళి వీడియోలు అతికేవాడు. అలిగిన బావగార్లనీ, తిండి దగ్గర కలబడ్డ వాళ్ళనీ కత్తిరించి పారేసి, నవ్వుతున్న వాళ్ళని వరసపెట్టి ఇచ్చేవాడు. టీవీ ఛానెల్‌లో చేరాక అదే చేతిపని తలకిందులైంది. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఊళ్ళో ఉన్న అక్క సిత్తుహుమ్, ఆమె ఒక్కగానొక్క కొడుకు బక్రీ, ఇద్దరే అతనికి లోకం.

ఆ ఏడు ఛానెల్ వాళ్ళు ‘ఒకే పొయ్యి’ అని కొత్త ఆట మొదలుపెట్టారు. ఎనిమిది మంది వంటవాళ్ళని ఒక ఇంట్లో పెట్టి ముప్ఫై రోజులు తాళం వేస్తారు. నడిపేది మదామ్ ఇన్జీ. ఆవిడ తన గది గోడమీద ఎనిమిది ఖాళీ గళ్ళు గీసి, మనుషులు దొరక్కముందే వాటి కింద రాసిపెట్టుకుంది: కొట్టేవాడు, ఏడిచేది, చాడీలు మోసేది, దేవుడి మనిషి, ఇలాగ. వచ్చినవాళ్ళలో ఒక్కర్నయినా నీకు వంట వచ్చా అని అడగలేదు మహాతల్లి. నిన్ను చివరిసారిగా ఎవరు అవమానించారు, వాణ్ణి ఏం చెయ్యాలనుంది అని అడిగింది.

"ఎనిమిది మంది మంచివాళ్ళని పెడితే జనం గుర్రుపెట్టి నిద్రపోతారు రిఫత్. నాకు మంట కావాలి, మంట! మీ దక్షిణాది వాళ్ళలో ఎవరూ లేరా?" అంది ఓ రోజు టీ తాగుతూ.

అక్కడ నోరు విప్పాడు రిఫత్. విప్పకుండా ఉంటే ఈ కథే లేదు.

బక్రీ తండ్రి, నీటిపంపు వంతు దగ్గర మాటా మాటా పెరిగి, ఖల్లాఫ్ ఇంటి అబ్దున్నయీమ్‌ని కాల్చి చంపాడు. జైలుకెళ్ళి అక్కడే పోయాడు. చంపినవాడు పోతే బాకీ పోతుందా మా వైపు? కొడుకు మెడకు చుట్టుకుంటుంది. ఊరి పెద్దలు నడుం కట్టి రాజీ కుదిర్చారు. పందొమ్మిదేళ్ళ బక్రీ తలగుడ్డ లేకుండా, కాళ్ళకు చెప్పుల్లేకుండా, శవానికి చుట్టే కఫన్ గుడ్డ, తనదే, తన రెండు చేతుల మీద పరుచుకొని ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. రెండువేల మంది చూస్తుండగా అబ్దున్నయీమ్ కొడుకు ఉవైస్ ముందు మోకరిల్లాడు. ఉవైస్ కత్తి తీసి బక్రీ మెడమీద ఆనించి, ఆ కత్తే పక్కకు తిప్పి గొర్రెను కోశాడు. మనిషికి బదులు గొర్రె. పెద్దలు ఒక్క షరతు చదివారు: కఫన్ ఇచ్చినవాళ్ళు చచ్చినవాడి ఊసు మీద ఎప్పుడూ నవ్వకూడదు, నవ్వితే కఫన్ గుడ్డ తిరిగి వాళ్ళ గుమ్మానికే వస్తుంది. ఉవైస్ తల్లి హజ్జా బిహానా ఆ గుడ్డను మడిచి తన పెట్టెలో దాచుకుంది. అది జరిగి ఏడేళ్ళు.

ఇదంతా విని ఇన్జీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆ ఇద్దరూ ఇప్పుడేం చేస్తున్నారు?"

"మావాడు ఇక్కడే కొషరీ అన్నం బండి పెట్టుకున్నాడు మదామ్. ఉవైస్‌కి ఇంబాబాలో రొట్టెల బట్టీ ఉంది."

"ఇద్దరూ వంటవాళ్ళేనా? పిలు. ఇద్దర్నీ పిలు! ప్రమాదమేమీ లేదుగా?"

"కఫన్ మోశారు మదామ్. దానిమీద ఇంక ఎవడికీ మాటుండదు" అన్నాడు రిఫత్ గర్వంగా.

మా వైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు ఇది. కైరో వాడెవడైనా అయితే ఆ రెండు పేర్లు ఒక గదిలో పెట్టడానికే హడలి చచ్చేవాడు. కఫన్ మొయ్యడం కళ్ళారా చూసినవాడు కనకనే రిఫత్‌కి భయం వెయ్యలేదు. పైగా మేనల్లుడు టీవీలో కనబడతాడని లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

అందరికీ ఒకే రంగు ఏప్రాన్లు ఇచ్చారు. ముప్ఫై రోజులూ అవే. పాపం వాళ్ళు అది శుభ్రత కోసం అనుకున్నారు. రోజూ ఒకే బట్టలుంటే ఏ రోజు మొహాన్ని ఏ రోజుకైనా అతకొచ్చు, అందుకు.

ఇద్దరూ వారం రోజులు బుద్ధిగా ఉన్నారు. ఇన్జీకి ఒళ్ళు మండింది. ఎనిమిదో రోజు పొద్దున, ఉవైస్ ఇంటినుంచి తెచ్చుకున్న పులిసిన పిండిముద్దను మనిషి చేత తీయించి బక్రీ సొరుగులో పెట్టించింది. ఆ పిండి ఉవైస్ తల్లి చేతి పిండి. ఎండలో పొంగించే మా రొట్టెకు అదే ప్రాణం. అది బక్రీ సొరుగులో దొరికేసరికి ఉవైస్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"దొంగ నాయాలా! మీ అయ్య మా అయ్యని తీసుకుపోయాడు. నువ్వు మా అమ్మ పిండి కూడా తీసుకుపోతావా?"

ఇనప పెనం ఎత్తి బక్రీ చెవి మీద ఒక్కటిచ్చాడు. చెవి చిట్లి రక్తం ఏప్రాన్ మీద పడింది. బక్రీ వెనక్కి తూలుతూ బల్లమీది కత్తి పట్టుకోబోయి దాని అంచు పట్టుకున్నాడు. కుడి బొటనవేలు ఎముక దాకా తెగింది. ఇద్దరూ నేలమీద పడి దొర్లారు. మోకాళ్ళతో కుమ్ముకున్నారు. ఒకడి పళ్ళు ఇంకొకడి భుజంలో దిగాయి. కెమెరాల వాళ్ళు విడదీయబోతే ఇన్జీ గొంతు చెవుల్లో మోగింది: "వదిలెయ్యండి! ఎవరూ కదలొద్దు! రక్తం దగ్గరగా తియ్యండి!"

ఆ కొట్లాట టీవీలో వేస్తే ఊళ్ళో ఎవరూ తప్పుపట్టలేదు. వయసు కుర్రాళ్ళు, కొట్టుకుంటారు, ఏముంది అందులో అనుకున్నారు.

పదకొండో రోజు వేరే సంగతి జరిగింది. ఉవైస్ పిండి పిసుకుతూ, ఎవరూ అడక్కుండానే, తండ్రి చావు చెప్పుకొచ్చాడు. పంపు దగ్గరికి పరిగెత్తేసరికి నీళ్ళు ఎర్రగా పారుతున్నాయనీ, తను చేతికి పిండితోనే తండ్రి తల ఒళ్ళో పెట్టుకున్నాననీ, ఆ పిండి తండ్రి గడ్డానికి అంటిందనీ చెప్పాడు. ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతున్న బక్రీ కత్తి వదిలేశాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. బల్ల చుట్టూ వచ్చి, కట్టు కట్టిన బొటనవేలితో ఉవైస్ తల దగ్గరకు తీసుకొని నుదుటి మీద ముద్దుపెట్టాడు. ఉవైస్ భుజం మీద తల వాల్చి ఇంకా ఏడ్చాడు.

నల్లగుడ్డల గదిలో అది చూసి రిఫత్‌కి కళ్ళు చెమర్చాయి. ఇన్జీ మాత్రం విసుగ్గా కుర్చీ వెనక్కి తోసింది.

"ఏడుపుతో నేనేం చేసుకోను? ఇక్కడితో ఇద్దరూ అన్నదమ్ములైపోతే ఇంకా పంతొమ్మిది రోజులు ఏం వెయ్యాలి? వాడి నవ్వు ఏదైనా ఉందా?"

"మూడో రోజుది ఒకటుంది మదామ్. పిల్లి, రుచి చూసే జడ్జీ గారి చేప ఎత్తుకెళ్ళినప్పుడు నవ్వాడు."

"ఉవైస్ ‘గడ్డానికి పిండి అంటింది’ అనగానే అది పెట్టు."

"వద్దు మదామ్. చచ్చినవాడి మాట మీద నవ్వు... మా వైపు అది..."

"కఫన్ మీద ఎవడికీ మాటుండదన్నావు కదయ్యా! ఇప్పుడు నువ్వే భయపడితే ఎలా?"

రిఫత్ మూడో రోజు నవ్వు వెతికి తీశాడు. ఉవైస్ అక్కడే ఉన్నాడు కదా, బక్రీ ఏడవడం వాడే కళ్ళారా చూశాడు కదా, వాడికి తెలిస్తే చాలదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మూడో రోజుకి బొటనవేలికి కట్టు లేదు, చెవికి గాయం లేదు గనక చేతులూ చెవులూ కనబడకుండా మొహం ఒక్కటే పెద్దది చేశాడు. ఏడుపు తీసేశాడు, ముద్దు తీసేశాడు. ఉవైస్ తండ్రి చావు చెబుతున్నాడు, బక్రీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అతుకు ఎక్కడా కనబడలేదు. ఛీ, అంత పనిమంతుడు.

ముప్ఫై రోజులూ అయిపోయి ఇద్దరూ ఊరికి వెళ్ళాకనే ఆ భాగం టీవీలో వచ్చింది. మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్.

"తమ్ముడూ, గుమ్మంలో కఫన్ పడుందిరా."

"ఎవరేశారక్కా?"

"బిహానా వేసింది. పెట్టెలోంచి తీసి, తనే స్వయంగా తెచ్చి, నా మొహాన కొట్టి పోయింది. నీ కొడుకు పళ్ళు లెక్కపెట్టుకున్నానే, అన్నీ కనబడ్డాయి అంది. ఆ వెనకే తుపాకులు పేల్చారు. తలుపు జల్లెడైపోయింది. కొట్టంలో గేదె పొట్ట చీలి ఇంకా అరుస్తోందిరా, చావడం లేదు. బక్రీని ఏటి అవతల పంపుషెడ్డుకి పంపేశాను. ఎవరు ఫోన్ చేసినా నమ్మొద్దు, నేను చేసినా నమ్మొద్దు, నా పీకమీద కత్తిపెట్టి చేయిస్తారు, నేనే వచ్చి నిన్ను పిలిచేదాకా కదలొద్దు అని ఒట్టు వేయించుకున్నాను. నువ్వేం చేస్తావో చెయ్యి. నా కొడుకు నాకు కావాలి."

రిఫత్ పరుగున పోయి ఇన్జీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. అసలు సీను, ఆ ఏడుపు, ఒక్కసారి వెయ్యమన్నాడు. ఆవిడ వినిపించుకుంటేగా? "దేశమంతా దీని గురించే మాట్లాడుతోంది, ఇప్పుడు ఏడుపు వేస్తానా? మీ ఊళ్ళో ఎవరైనా ఫోన్‌తో తీసేవాళ్ళుంటే చెప్పు" అంది.

రిఫత్ తన గదికి పోయాడు. మూడో రోజుదీ పదకొండో రోజుదీ కత్తిరించని సరుకంతా ఒక చిన్న డిస్కులోకి ఎక్కించుకొని, లాప్‌టాప్ చంకన పెట్టుకొని రైలెక్కాడు. ఇరవై రెండేళ్ళలో అతను చేసిన మొదటి దొంగతనం అది.

మర్నాడు పొద్దున తిన్నగా ఖల్లాఫ్ వాళ్ళింటికే పోయాడు. ఉవైస్ తుపాకి ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. లోపల గుమ్మం పక్క నల్లటి ముసుగులో తల్లి బిహానా.

"అసలుది తెచ్చాను ఉవైస్. చూడు నాయనా, వాడు నవ్వలేదు."

ఉవైస్ లాప్‌టాప్ వంక కూడా చూడలేదు. "నాకు చూపిస్తావేంటి బాబాయ్? నా భుజం మీదే కదా ఏడ్చాడు. నాకు తెలీదా?"

రిఫత్ లాప్‌టాప్ మూసేశాడు. "తెలిసీ మరి..."

"నాకు తెలిసి ఏం లాభం? జిల్లా జిల్లా అంతా నవ్వే చూసింది. నిన్న కాఫీ హోటల్ దగ్గర ఒకడు నన్ను చూసి పళ్ళికిలించాడు. మా అమ్మ కుళాయి దగ్గరకెళితే ఆడాళ్ళు పక్కకు జరిగారు. ఇంటింటికీ తిరిగి, అయ్యా వాడు ఏడ్చాడు అని చెప్పుకోమంటావా? వాణ్ణి చంపడం నాకేమన్నా సరదా అనుకున్నావా?" అంటూ తుపాకి మడమతో అరుగుని పొడిచాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"అయితే అందరికీ చూపిస్తా. ఈ పూటే చూపిస్తా" అన్నాడు రిఫత్.

ఫుట్‌బాల్ చూసే కాఫీ హోటల్లో పెద్ద టీవీ ఉంది. దానికి తగిలించాడు. రెండిళ్ళ మగవాళ్ళూ, ఊరూ వచ్చి నిలబడ్డారు. ముందు మూడో రోజు వేశాడు: పిల్లి, చేప, నవ్వు, కట్టు లేని బొటనవేలు. తరవాత పదకొండో రోజు: కట్టు కట్టిన బొటనవేలు, ఏడుపు, నుదుటి మీద ముద్దు. "వేలు చూడండయ్యా, వేలు చూడండి" అని మళ్ళీ మళ్ళీ వేసి చూపించాడు. జనం గుసగుసలు పోయారు. కొందరు తలలు వంచుకున్నారు.

రాజీ కుదిర్చిన పెద్దమనిషి హజ్ తమ్మామ్ కర్ర పట్టుకొని లేచాడు. "ఈ రెండూ కలిపిందెవరు?"

"నేనే."

"ఆ మాట దగ్గర ఆ నవ్వు పెట్టిందెవరు?"

"నేనే పెట్టాను."

"అయితే మా అబ్దున్నయీమ్ మీద నవ్వింది బక్రీ కాదు."

"కాదు. నవ్వింది నేను" అన్నాడు రిఫత్.

ఇక కఫన్ మొయ్యాల్సింది ఎవరో తేలిపోయింది. అందరికీ అర్థమైంది, అతనికి అందరికన్నా ముందు అర్థమైంది. అక్క ఇంటికి నడిచి, గుమ్మంలో మట్టికొట్టుకుపోయి ఉన్న కఫన్ తీసుకున్నాడు. చెప్పులు విడిచాడు, టోపీ తీసేశాడు. సిత్తుహుమ్ నెత్తి బాదుకుంటూ వెంట పడింది. ఎండకి నేల కాలిపోతోంది. గుడ్డ రెండు చేతుల మీద పరుచుకొని ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంటే కాళ్ళు బొబ్బలెక్కాయి. చచ్చేంత భయం వేసింది. ఏడేళ్ళ కిందట మేనల్లుడు ఎలా నడిచాడో ఇప్పుడు తెలిసింది.

మోకరిల్లాడు. ఉవైస్ కత్తి మెడమీద పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, నొక్కాడు. చర్మం తెగి సన్నగా రక్తం చొక్కాలోకి కారింది. "మా అయ్య గడ్డం మీద పిండి గురించి నవ్వావు కదూ? నవ్వు, ఇప్పుడు నవ్వు!" అని అరిచాడు. రిఫత్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి ఎదురుగా ఉవైస్ బావమరిది ఫోన్ పట్టుకొని తీస్తున్నాడు. గొర్రె బాగా ఒక అంచుకి ఉంది, తెరలో సగం కూడా పడదే అని, ప్రాణం మీదికొచ్చిన ఆ వేళ కూడా అలవాటుకొద్దీ అనుకున్నాడు.

గుమ్మంలోంచి బిహానా గొంతు వినబడింది: "చాలురా ఉవైస్. తిప్పు."

కత్తి పక్కకు తిరిగింది. గొర్రె గొంతు తెగి రక్తం కఫన్ మీదికి, రిఫత్ మొహం మీదికి చిమ్మింది. జనం ఒక్కసారి దేవుణ్ణి తలుచుకున్నారు.

ఆ గొర్రెనే వండారు. రాజీ అయ్యాక రెండు వైపుల వాళ్ళూ ఒక పళ్ళెంలో తినాలి. ఖల్లాఫ్ వాళ్ళ వసారాలో మాంసం, అన్నం, రొట్టె ముక్కలు కలిపిన పెద్ద పళ్ళెం పెట్టారు. బక్రీని స్వయంగా తీసుకురావడానికి సిత్తుహుమ్ పడవ రేవుకి పరిగెత్తింది. ఉవైస్ మెత్తటి ముక్క ఒకటి చూసి తుంచి రిఫత్ ముందు పెట్టాడు.

"తిను బాబాయ్. నీ మెడ నాకంటే గట్టిది. చెయ్యి వణికింది నాకే."

రిఫత్ నవ్వాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటుండగా గుమ్మంలో మూడు సార్లు తుపాకి పేలింది. మొదటి గుండుకు ఉవైస్ దవడ ఎగిరిపోయింది. మిగతా రెండూ రొమ్ములో దిగాయి. పళ్ళెం మీదికి బోర్లా పడ్డాడు. వేడి అన్నం రక్తంతో తడిసి అందరి మీదా పడింది.

గుమ్మంలో బక్రీ. వేరే రేవులో ఈదుకొని వచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా తడి. "మా మామయ్య గొంతు కోస్తావురా! మా మామయ్య గొంతు కోస్తావురా!" అని అరుస్తూ ఇంకా కాల్చబోయాడు. అంతలో పళ్ళెం అవతల, చేతిలో మాంసంతో ఉన్న రిఫత్ కనబడ్డాడు. తుపాకి దిగిపోయింది.

"మామయ్యా... నువ్వు చచ్చిపోయావు కదా? నేను చూశాను కదా? ఇదిగో, నా కళ్ళతో చూశాను..." అంటూ నడుం దగ్గర ప్లాస్టిక్ సంచిలో చుట్టుకున్న ఫోన్ తీసి చాపాడు. రిఫత్ "వద్దు, ఎవరూ కాల్చొద్దు" అని లేచేలోపలే ఖల్లాఫ్ వాళ్ళ తుపాకులు రెండు వైపుల నుంచీ పేలాయి. బక్రీ గుమ్మంలోనే కూలబడ్డాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

రిఫత్ పాకుతూ పోయి మేనల్లుడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. ఫోన్ ఇంకా ఆడుతోంది. ఉవైస్ బావమరిది ఫోన్‌తో తీసి పంపగా ఛానెల్ వాళ్ళు గంట కిందట వేసిన తునక. ఉవైస్ కత్తి రిఫత్ మెడ మీద. "నవ్వు, ఇప్పుడు నవ్వు!" తరవాత రక్తం, తడిసిన కఫన్. గొర్రె లేదు. చట్రం చిన్నది చేసి గొర్రెను తీసేశారు. బిహానా మాట తీసేశారు. అతుకు ఎక్కడ పడిందో ఇంకెవరికీ కనబడదు, అతనికి కనబడింది. కైరోలో ఆ నల్లగుడ్డల గదిలో పక్క కుర్చీ వాడికి ఆ పని నేర్పింది తనే. తునక అయిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

రిఫత్ మోసిన కఫన్‌ని బిహానా ఉవైస్ మీద కప్పింది. సిత్తుహుమ్ ఖాళీ పడవలో తిరిగొచ్చేసరికి ఆమె కొడుకుకి కప్పడానికి గుడ్డ వెతుకుతున్నారు.

ఇది జరిగి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో రెండిళ్ళలోనూ కలిపి ఇంకో ఐదుగురు పోయారు. రాజీ మాట ఎత్తడానికి ఏ పెద్దమనిషికీ మొహం చెల్లలేదు. రిఫత్ కైరో వెళ్ళలేదు, అక్క దగ్గరే ఉంటున్నాడు. ఆమె అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. కఫన్ మోసినవాడు గనక అతన్ని ఎవరూ చంపరు, ఆ సంగతి అతనికి మరీ బాధ. రోజూ కాఫీ హోటల్‌కి వచ్చి ఒక మూల కూర్చుంటాడు. టీవీలో ఎవరైనా నవ్వినప్పుడు మాత్రం గబుక్కున లేచి తెర దగ్గరికి పోయి, వాళ్ళ చేతులకేసి వెతుకుతాడు.

"అది ఏ రోజు నవ్వో కనుక్కోండయ్యా" అంటాడు అందర్నీ చూసి.

ఎవరూ కనుక్కోరు. అడ్డం తప్పుకో రిఫత్ అంటారు.